బౌలింగ్ బలం చాలునా? సామగ్రి, సాధన, ఫలాలపై ఒక విచారణ

1. ప్రశ్న స్వరూపం

విజయాన్ని కోరి బరిలోకి దిగే జట్టుకు బంతి విసిరేవారి బలం చాలినంత ఉన్నదా అనే ప్రశ్న పైకి ఆటకు మాత్రమే సంబంధించినదిగా కనిపించినా, సాధనానికీ ఫలానికీ మధ్య ఉన్న సంబంధం ఎటువంటిదని భారతీయ దర్శనాలు తరతరాలుగా చేస్తూ వచ్చిన విచారణలో అది కూడా ఒక భాగమే. ఏ సాధనమైనా ఫలాన్ని ఇవ్వడానికి ఎంత ఉంటే చాలు, ఆ చాలినతనాన్ని ఫలం రాకముందే తెలుసుకోవడం సాధ్యమా, ఫలం రానప్పుడు సాధనం చాలలేదని తీర్పు చెప్పడం ఎంతవరకు న్యాయం అనే మూడు ప్రశ్నలు అందులో ఇమిడి ఉన్నాయి.

అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు తమ జట్టు టైటిల్‌కు పోటీపడుతున్న ప్రతి ఏడాదీ ఈ ప్రశ్నను స్టార్టింగ్ పిచర్ల విషయంలో వేసుకుంటారు. పిచర్ అంటే బ్యాట్ పట్టిన ప్రత్యర్థికి బంతి విసిరే ఆటగాడు. స్టార్టింగ్ పిచర్ అంటే ఆటను మొదలుపెట్టి, తన సత్తువ ఉన్నంతవరకు కొనసాగించేవాడు. ఒకసారి అంతసేపు విసిరిన భుజానికి కొన్ని రోజుల విశ్రాంతి తప్పనిసరి గనుక, ఒక సీజన్‌లో ప్రతి జట్టూ ఆడే 162 ఆటలను సాధారణంగా ఐదుగురు స్టార్టింగ్ పిచర్లు వంతులవారీగా మోస్తారు. క్రికెట్‌లో ఆ స్థానం బౌలింగ్ దళానిది. వన్డేలో ఒక బౌలర్‌కు పది ఓవర్లు, టీ20లో నాలుగు ఓవర్లు మించి ఇవ్వకూడదన్న నియమం ఉండటం వల్ల కనీసం ఐదుగురి శక్తి కలిస్తేనే ఇన్నింగ్స్ పూర్తవుతుంది. అందువల్ల బేస్‌బాల్‌లో ఒక్కడు చక్కగా విసిరిన రోజున జట్టు గట్టెక్కే అవకాశం ఎక్కువ కాగా, పరిమిత ఓవర్ల క్రికెట్‌లో ఒక్కడు ఎంత గొప్పవాడైనా అతడి వాటా పోగా మిగిలిన ఓవర్లలో తక్కినవారి బలహీనత బయటపడక తప్పదు. ఓవర్ల పరిమితి లేని టెస్టుల్లో సైతం ఒక్కడి భుజం మోయగల బరువుకు హద్దు ఉన్నదని, 2024-25లో ఆస్ట్రేలియా పర్యటనలో జస్‌ప్రీత్ బుమ్రా 32 వికెట్లు తీసినా భారత్ సిరీస్‌ను 1-3తో కోల్పోవడం తెలియజేస్తుంది.

2. రాయ్‌పూర్ మైదానం చెప్పే సాక్ష్యం

ఈ ప్రశ్నకు అవసరమైన సాక్ష్యం ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో దొరుకుతుంది. 1857 డిసెంబరులో ఆంగ్లేయులు రాయ్‌పూర్‌లో ఉరితీసిన సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్ పేరిట నవ రాయ్‌పూర్‌లో నిర్మించిన అంతర్జాతీయ స్టేడియంలో, 2023 జనవరి 21న తొలి వన్డే జరిగింది. టాస్ గెలిచి న్యూజిలాండ్‌కు బ్యాటింగ్ అప్పగించిన భారత్, 15 పరుగులకే ప్రత్యర్థి ఐదు వికెట్లను పడగొట్టి, చివరకు 34.3 ఓవర్లలో 108 పరుగులకే ఆ జట్టును ఆలౌట్ చేసి, ఎనిమిది వికెట్ల తేడాతో నెగ్గింది. మహమ్మద్ షమీ ఆరు ఓవర్లలో 18 పరుగులిచ్చి మూడు వికెట్లు తీయగా, హైదరాబాద్‌కు చెందిన మహమ్మద్ సిరాజ్ ఆరు ఓవర్లలో పదే పరుగులిచ్చాడు. ఆ రోజు భారత బౌలింగ్ బలం చాలునా అని అడిగే అవసరం ఎవరికీ కలగలేదు.

దాదాపు మూడేళ్ల తర్వాత, 2025 డిసెంబరు 3న, అదే మైదానంలో దక్షిణాఫ్రికాపై టాస్ ఓడి ముందుగా బ్యాటింగ్‌కు దిగిన భారత్ విరాట్ కోహ్లీ, రుతురాజ్ గైక్వాడ్ శతకాలతో ఐదు వికెట్లకు 358 పరుగులు చేసింది. రాత్రి మంచు కురుస్తుండగా బౌలింగ్ చేయవలసి వచ్చిన భారత దళంపై ఎయిడెన్ మార్‌క్రమ్ 110 పరుగులు చేయగా, దక్షిణాఫ్రికా 49.2 ఓవర్లలో ఆరు వికెట్లకు 362 పరుగులతో ఆ లక్ష్యాన్ని అందుకున్నది. బుమ్రా, సిరాజ్ ఆ సిరీస్‌లో లేరు. ప్రసిద్ధ్ కృష్ణ 8.2 ఓవర్లలో 85 పరుగులు ఇచ్చాడు. భారత బౌలింగ్ చాలదన్న తీర్పు ఆ రాత్రే దేశమంతటా వినిపించింది.

మూడు రోజుల తర్వాత, డిసెంబరు 6న, విశాఖపట్నంలో జరిగిన చివరి వన్డేలో అర్ష్‌దీప్ సింగ్, హర్షిత్ రాణా, ప్రసిద్ధ్ కృష్ణ, కుల్‌దీప్ యాదవ్, రవీంద్ర జడేజా అనే ఆ ఐదుగురినే ప్రధాన బౌలర్లుగా నిలుపుకొని, టాస్ గెలిచి ముందుగా బౌలింగ్ చేసిన భారత్, దక్షిణాఫ్రికాను 270 పరుగులకు ఆలౌట్ చేసింది. రాయ్‌పూర్‌లో పరుగులు ధారపోసిన ప్రసిద్ధ్ కృష్ణ ఇక్కడ 66 పరుగులకు నాలుగు వికెట్లు, కుల్‌దీప్ 41 పరుగులకు నాలుగు వికెట్లు తీయగా, భారత్ తొమ్మిది వికెట్లతో గెలిచింది. ఆ మూడు రోజుల్లో ఆ ఐదుగురి విద్య పెరగనూ లేదు, తరగనూ లేదు. బుధవారం చాలని బలం శనివారం చాలినదైతే, చాలడమనేది బౌలర్లలో మాత్రమే ఉండే గుణం కాదని, బౌలర్లకూ మరికొన్నింటికీ మధ్య ఏర్పడే సంబంధమని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ మరికొన్ని ఏవో విడదీసి చూపడానికి తర్కశాస్త్రం సహాయం కావాలి.

3. కారణం వేరు, సామగ్రి వేరు

17వ శతాబ్దానికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో, కార్యానికి ముందు నియమంగా ఉండేదే కారణమని నిర్వచించాడు. ఈ నిర్వచనాన్ని వివరించేటప్పుడు నైయాయికులు, అనగా న్యాయదర్శన పండితులు, రెండు జాగ్రత్తలు చెబుతారు. మొదటిది, కార్యానికి ముందు ఉన్నంత మాత్రాన ప్రతిదీ కారణం కాదు. ఉన్నా లేకపోయినా కార్యం జరిగిపోయేదాన్ని వారు అన్యథాసిద్ధం అంటారు, అనగా ఫలంతో నిజమైన సంబంధం లేకుండా దాని పక్కన నిలిచినది. రెండవది, ఏ ఒక్క కారణమూ తనంతట కార్యాన్ని పుట్టించలేదు. కారణాలన్నీ ఒకచోట కూడిన సముదాయాన్ని సామగ్రి అంటారు, ఆ సామగ్రి పూర్తయితేనే కార్యం పుడుతుంది. ఆ సముదాయంలో అడ్డంకి లేకపోవడం కూడా ఒక భాగమని, దానిని ప్రతిబంధకాభావమని న్యాయశాస్త్రం పేర్కొంటుంది.

ఈ దృష్టితో చూస్తే బౌలింగ్ బలం గెలుపుకు కారణమే గాని సామగ్రి కాదు. పిచ్ స్వభావం, బంతి పొడిగా ఉండటం, ఫీల్డర్లు క్యాచ్‌లను వదలకపోవడం, బ్యాటర్లు ఇచ్చిన పరుగుల అండ, ప్రత్యర్థి ఆ రోజు ఆడిన తీరు, ఇవన్నీ చేరితేనే సామగ్రి పూర్తవుతుంది. రాయ్‌పూర్ రాత్రి కురిసిన మంచు ఒక ప్రతిబంధకం; తడిసిన బంతి స్పిన్నర్ వేళ్లలో నిలవదు, పేసర్ యార్కర్ గురి తప్పుతుంది, బంతి పిచ్‌పై పడి నున్నగా బ్యాట్ మీదికి వస్తుంది. విశాఖలో ముందు బౌలింగ్ చేసిన రోజున ఈ అడ్డంకి లేదు. మంచు లేని ఊళ్లో, పగటి ఆటలో చాలాసార్లు అన్యథాసిద్ధంగా మిగిలిపోయే టాస్, డిసెంబరు రాత్రి రాయ్‌పూర్‌లో నిజమైన కారణాలలో ఒకటిగా మారింది. ఒకే విషయం ఒకచోట అప్రస్తుతమై, మరొకచోట నిర్ణాయకం కావచ్చునని గుర్తించడమే కారణ విచారంలో మొదటి మెట్టు.

దీని నుంచి ఒక ముఖ్యమైన సిద్ధాంతం తేలుతుంది. సామగ్రిలో ఒక్క అంగం లోపించినా ఫలం రాదు గనుక, లోటును ఫలానికి ముందే గుర్తించడం సాధ్యమవుతుంది. ఐదో బౌలర్ లేని జట్టును, చివరి ఓవర్లలో యార్కర్ వేయగలవాడు లేని జట్టును చూసి ఇక్కడ లోటు ఉన్నదని ఎవరైనా చెప్పగలరు. అయితే సామగ్రి మొత్తం కూడిందని ముందుగా చెప్పాలంటే అన్ని అంగాలనూ, రాగల అన్ని అడ్డంకులనూ ఎరిగి ఉండాలి. అది మనిషికి సాధ్యం కాదు. కాబట్టి బలం చాలదన్న మాటకు ముందుగానే ప్రమాణం ఉండవచ్చు గాని, బలం చాలునన్న మాటకు ఫలం తప్ప ప్రమాణం లేదు. పోటీకి ముందు నిజాయితీగా చెప్పగలిగినది, తెలిసిన లోటు ఏదీ మిగలలేదన్నంతవరకే.

4. అనుమానమూ ఉపాధీ

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. ఆట అంకెల లోకమని, వేల బంతులను పరిశీలించి ఒక బౌలర్ సగటునూ, ఓవర్‌కు ఇచ్చే పరుగులనూ లెక్కకట్టినప్పుడు రేపటి ఫలితాన్ని చాలావరకు ఊహించవచ్చునని, ఫలం వచ్చేదాకా ఏమీ తెలియదనడం బద్ధకానికి తాత్త్వికమైన ముసుగు వేయడమేనని ఆక్షేపించేవారు అనవచ్చు. ఈ మాటలో బలం ఉన్నది. 162 ఆటల సీజన్‌లో మంచి పిచర్లున్న జట్టు చెడ్డ పిచర్లున్న జట్టును మించిపోతుందని అనుభవం చెబుతుంది. 1990ల్లో గ్రెగ్ మాడక్స్, టామ్ గ్లావిన్, జాన్ స్మోల్ట్జ్ అనే ముగ్గురు మహా పిచర్లను కలిగి ఉన్న అట్లాంటా బ్రేవ్స్ దాదాపు ఏటా తమ డివిజన్‌లో అగ్రస్థానంలో నిలవడం యాదృచ్ఛికం కాదు.

అయినా ఆ ముగ్గురూ కలిసి ఉన్న అన్నేళ్లలో ఆ జట్టు వరల్డ్ సిరీస్‌ను, అనగా అమెరికా బేస్‌బాల్‌లో తుది పోటీని, 1995లో ఒక్కసారి మాత్రమే గెలిచింది. 2011లో రాయ్ హాలడే, క్లిఫ్ లీ, కోల్ హామెల్స్, రాయ్ ఆస్వాల్ట్ అనే నలుగురు హేమాహేమీలతో ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టు సీజన్‌లో 102 ఆటలు గెలిచి, నాకౌట్ దశ తొలి అంకంలోనే సెయింట్ లూయిస్ కార్డినల్స్ చేతిలో ఓడింది; అక్టోబరు 7న జరిగిన చివరి ఆటలో హాలడే ఒకే ఒక్క పరుగు ఇచ్చినా, అవతల క్రిస్ కార్పెంటర్ ఆ ఒక్క పరుగూ ఇవ్వనందువల్ల ఫలితం 1-0 అయింది. అంతకన్నా బాగా విసరమని ఏ పిచర్‌నైనా అడగడం కష్టం. అయినా అది చాలలేదు. మన దేశంలోనూ 2023 ప్రపంచకప్‌లో శ్రీలంకను 55కూ, దక్షిణాఫ్రికాను 83కూ కూల్చి వరుసగా పది మ్యాచ్‌లు గెలిచిన దళమే, నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ఫైనల్‌లో 240 పరుగులను కాపాడుకోలేకపోయింది. ఆస్ట్రేలియాను 47 పరుగులకు మూడు వికెట్ల స్థితికి నెట్టినా, ట్రావిస్ హెడ్ చేసిన 137 పరుగులు ఆ ఆరంభాన్ని చెరిపివేశాయి.

అంకెలు అబద్ధం చెప్పలేదు. వాటి నుంచి మనం తీసిన అనుమానంలో దోషం ఉన్నది. అనుమానానికి ఆధారం వ్యాప్తి, అనగా ఒకటి ఉన్నచోటల్లా మరొకటి తప్పక ఉంటుందనే నియత సంబంధం. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనే వాక్యాన్ని తీసుకొని, అది నిజమైన వ్యాప్తి కాదని నైయాయికులు చూపుతారు. తడి కట్టె తోడైనప్పుడే నిప్పు నుంచి పొగ వస్తుంది, తడి లేని కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు. ఆ తడి కట్టెను ఉపాధి అంటారు, అనగా వాక్యంలో చెప్పకుండా లోపల దాగి ఉండి, నియమాన్ని కొన్నిచోట్లకే పరిమితం చేసే షరతు. మంచి బౌలింగ్ ఉంటే గెలుపు ఉంటుందన్న వాక్యంలోనూ పొడి బంతి, అనువైన పిచ్, చాలినన్ని పరుగులు అనే ఉపాధులు దాగి ఉన్నాయి. రాయ్‌పూర్‌లో 108 పరుగుల మధ్యాహ్నాన్నీ, 362 పరుగుల రాత్రినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు బౌలర్ల పేర్లు మారాయన్నది నిజమే గాని, ఉపాధి మారిందన్నది అంతే నిజం. ఆ రెండింటిలో ఒకదాన్నే లెక్కించినవాడి తీర్పు సగం తీర్పు. అంకెలు ఎక్కువయ్యేకొద్దీ ఉపాధులు ఒకదానినొకటి సరిపుచ్చుకుంటాయి గనుక దీర్ఘకాలంలో అనుమానం బలపడుతుంది. ఒక్క రాత్రి ఆటలో అటువంటి సరిపుచ్చడానికి తావు లేదు. పతకాలను నిర్ణయించేవి అటువంటి ఒక్క రాత్రులే.

5. నిత్యమూ కామ్యమూ

చాలినతనాన్ని ముందుగా తెలుసుకోలేకపోతే సాధకుడు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు న్యాయం కన్నా మీమాంస దగ్గరి సమాధానం ఇస్తుంది. వేదవిహిత కర్మల నిర్వహణను విచారించే శాస్త్రమైన పూర్వమీమాంస, కర్మలను నిత్యమనీ కామ్యమనీ వేరు చేస్తుంది. నిత్యం అంటే ఏ ప్రత్యేక ఫలాన్నీ కోరకుండా జీవితాంతం చేయవలసిన విధి. కామ్యం అంటే వర్షం, సంతానం, స్వర్గం వంటి ఒక ఫలాన్ని ఉద్దేశించి చేసేది. కర్మలో ప్రధానానికి తోడుగా ఉండే చిన్న క్రియలను అంగాలంటారు. ఈ శాస్త్రానికి మూలమైన జైమిని సూత్రాల ఆరవ అధ్యాయంలో ఒక సూక్ష్మమైన నిర్ణయం ఉన్నది: కామ్యకర్మలో ఏ అంగం లోపించినా ఫలం రాదు గనుక అన్ని అంగాలనూ సమకూర్చుకోగలవాడే దానికి పూనుకోవాలి, నిత్యకర్మలో మాత్రం ప్రధానాన్ని విడవకుండా, శక్తి మేరకు కుదిరిన అంగాలతో చేసినా విధి నెరవేరినట్టే. తెలుగు ఇళ్లలో పూజకు ముందు చెప్పే సంకల్పంలో వినిపించే యథాశక్తి అనే భావం ఈ విచారణకు చెందినదే.

పోటీకి సిద్ధమయ్యే జట్టు ఈ రెండు కర్మలనూ ఒకేసారి చేస్తున్నది. పతకాన్ని కోరుతున్నది గనుక జట్టును కూర్చేవారి పని కామ్యం. వారు అంగలోపాన్ని సహించకూడదు. కొత్త బంతితో వికెట్ తీయగలవారు ఎవరు, మధ్య ఓవర్లను అదుపు చేసేవారు ఎవరు, చివరి ఓవర్లలో ఒత్తిడిని మోసేవారు ఎవరు, ఒకరు గాయపడితే రెండోవారు ఎవరు, బంతి తడిస్తే ఉపాయం ఏమిటి అన్న ప్రశ్నలను నిర్దాక్షిణ్యంగా వేసుకోవాలి. మన శక్తి ఇంతే అని సరిపెట్టుకునే హక్కు సెలెక్టర్‌కు లేదు. బంతి చేతబట్టి పరుగెత్తే బౌలర్ పని మాత్రం నిత్యం. అతనికి ఆ క్షణంలో ఉన్నది తన భుజం, ఆ బంతి, ఆ పిచ్. లేనివాటిని అప్పటికప్పుడు తెచ్చుకోలేడు, ఉన్నదానిలో ఏదీ దాచుకోకుండా విసరడమే అతని విధి.

2025 ఆగస్టులో లండన్‌లోని ఓవల్ మైదానంలో ఇంగ్లండ్‌తో భారత్ ముగించిన టెస్టు దీనికి మేలైన ఉదాహరణ. బుమ్రా లేని ఆ దళాన్ని పూర్ణాంగమని ఎవరూ అనలేరు. సిరీస్‌లోని ఐదు టెస్టులూ ఆడిన సిరాజ్, నాలుగో రోజున హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని పట్టుకొని కూడా బౌండరీ తాడును తొక్కడంతో, 19 పరుగుల వద్ద అవుటు కావలసిన బ్రూక్ 111 పరుగులు చేశాడు. చివరి రోజున ఇంగ్లండ్‌కు 35 పరుగులు, భారత్‌కు నాలుగు వికెట్లు కావలసి ఉండగా, ఆ నాలుగింటిలో మూడు సిరాజ్, ఒకటి ప్రసిద్ధ్ కృష్ణ తీసి, ఆరు పరుగుల తేడాతో జట్టును గెలిపించారు. ఆ ఉదయం సిరాజ్ వేసిన బంతులను గొప్పవిగా చేసినది ఆరు పరుగుల తేడా కాదు. మరో ఏడు పరుగులు అటు పోయి ఉంటే భారత్ ఓడేది, ఆ బంతులు మాత్రం అవే. ముందు రోజు జరిగిన పొరపాటు బరువును మోస్తూనే, మిగిలిన శక్తినంతా ఆ రోజు ధర్మానికి అప్పగించడంలో అతని పని సంపూర్ణమైంది. కామ్యదృష్టితో ఫలాన్ని బట్టి కొలిచే సంపూర్ణత ఒకటి, నిత్యదృష్టితో సమర్పణను బట్టి కొలిచే సంపూర్ణత మరొకటి. రెండవది బౌలర్ చేతిలో ఉన్నది, మొదటిది ఏ ఒక్కరి చేతిలోనూ లేదు.

6. దైవమూ పురుషకారమూ

ఎవరి చేతిలోనూ లేని ఆ భాగాన్ని మన గ్రంథాలు దైవమంటాయి. భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం ప్రతి కార్యానికీ ఐదు హేతువులను చెబుతుంది: అధిష్ఠానం అనే ఆధారం, కర్త, పనిముట్లైన కరణాలు, నానావిధమైన చేష్టలు, ఐదవదిగా దైవం. ఇక్కడ దైవం తక్కిన నాలుగింటినీ రద్దు చేసే సర్వాధికారిగా కాక, వాటి పక్కన ఒకటిగా లెక్కలోకి రావడం గమనించదగినది. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో దైవం గొప్పదా పురుషకారం గొప్పదా అని ధర్మరాజు అడిగినప్పుడు, భీష్ముడు ఒక ప్రాచీన సంవాదాన్ని వినిపించి, మనిషి ప్రయత్నం లేనిదే దైవం ఫలించదని తేలుస్తాడు. న్యాయసూత్రాల నాలుగవ అధ్యాయం కూడా, మనుషుల ప్రయత్నాలు కొన్ని విఫలం కావడాన్ని బట్టి ఈశ్వరుడే కారణమనే పక్షాన్నీ, ప్రయత్నం లేకుండా ఫలం రాదు గనుక అది సరికాదనే ఆక్షేపణనూ వరుసగా పరిశీలిస్తుంది. ఈ సంప్రదాయాలన్నింటి సారం ఒకటే: దైవాన్ని ఒప్పుకోవడం ప్రయత్నాన్ని తగ్గించుకోవడానికి అనుమతి కాదు.

ఈ విచారణకు రాయ్‌పూర్ ప్రాంతంతో మరొక బంధం ఉన్నది. శుద్ధాద్వైత ప్రవర్తకుడైన వల్లభాచార్యులు 1479లో జన్మించారని సంప్రదాయం చెప్పే చంపారణ్యం, నేటి రాయ్‌పూర్ జిల్లాలో రాజిమ్‌కు సమీపంలోని చంపారణ్ గ్రామమే. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ తెలుగు వెలనాటి బ్రాహ్మణులు. కాశీ నుంచి తరలిపోతున్న దారిలో ఇక్కడి అడవిలో ఆ బిడ్డ పుట్టాడని అంటారు. ఆయన స్థాపించిన పుష్టిమార్గంలో పుష్టి అంటే భగవదనుగ్రహం. లోకప్రవాహంలో కొట్టుకుపోయే ప్రవాహజీవులనీ, శాస్త్రనియమాన్ని అనుసరించి సాధన చేసే మర్యాదాజీవులనీ, కేవలం అనుగ్రహంతో భగవంతుని పొందే పుష్టిజీవులనీ ఆయన జీవులను వేరు చేసి చూపారు. అనుగ్రహం సాధనకు కొలతగా లభించే కూలి కాదని, ఎంత సాధన చేస్తే చాలునన్న లెక్కకు అక్కడ చోటు లేదని ఆ మార్గం బోధిస్తుంది.

ఈ బోధను ఆటకు తొందరపడి అన్వయించడం తగదు. వల్లభులు చెప్పిన అనుగ్రహం శ్రీకృష్ణ సేవను ప్రసాదించేది. దానిని వికెట్లకూ పతకాలకూ కారణంగా చేయడం ఆ దర్శనాన్ని చిన్నబుచ్చడమే అవుతుంది. ఫైనల్‌కు ముందు గుళ్లలో అర్చనలు, హోమాలు చేయించే అభిమానుల ప్రేమ గౌరవించదగినదే గాని, అదే ప్రార్థన అవతలి దేశంలోనూ జరుగుతున్నప్పుడు భగవంతుడు ఎవరి పక్షం వహించాలన్న చిక్కు మిగులుతుంది. వివేకధైర్యాశ్రయమనే తన చిన్న గ్రంథంలో వల్లభులు, స్వామి అభిప్రాయం మనకు తెలియనప్పుడు అడిగి ప్రయోజనం ఏమిటని విచారించి, అడగకుండా ఉండటమే వివేకమని నిర్ణయించారు. గెలుపు కోసం మొక్కుకునే మనసుకు ఈ మాట కఠినంగా తోచవచ్చు; అయినా అది మనిషిని ఒక పెద్ద బరువు నుంచి విడిపిస్తుంది. పుష్టిమార్గంలో సేవ మరొక ఫలానికి సాధనం కాదు, సేవే ఫలం. ఆ సేవాభావానికి లౌకికమైన పోలిక ఏదైనా ఉంటే, అది చక్కగా వేసిన ఓవర్‌ను ఆ ఓవర్ కోసమే గౌరవించగల మనసులో ఉన్నది.

7. ఓటమి తర్వాత తీర్పు

ఈ విచారణ అంతటికీ ఆచరణలో ప్రయోజనం ఓటమి తర్వాతి గంటల్లో కనిపించాలి. మన దేశంలో క్రికెట్ ఆటగాళ్లపై చూపే ప్రేమ ఎంత గాఢమో, ఓటమి తర్వాత వారిపై కురిపించే నింద కూడా అంతే తీవ్రం. ఫలం రాలేదు గనుక సాధనం చాలలేదు, సాధనం చాలలేదు గనుక సాధకుడు అయోగ్యుడు అనే రెండు మెట్ల వాదం ఆ నిందకు ఆధారం. మొదటి మెట్టే కదులుతున్నది. ఫలం రాకపోవడం సామగ్రిలో ఏదో ఒకటి లోపించిందని మాత్రమే చెబుతుంది, ఆ లోపించినది బౌలింగేనని చెప్పదు. రెండో మెట్టు అంతకన్నా బలహీనం. సాధనంలోనే లోటు ఉన్నా, ఆ లోటు ముందుగా తెలియదగినదా, తెలిసి తీర్చదగినదా అని అడగకుండా మనిషి యోగ్యతను తేల్చడం కుదరదు.

న్యాయమైన నిందకు మూడు షరతులు ఉండాలి. లోటు ఆటకు ముందే కనిపించి ఉండాలి. దానిని పూరించే అవకాశం ఉండి ఉండాలి. పూరించవలసినవారినే నింద చేరాలి. రాయ్‌పూర్‌లో డిసెంబరు రాత్రి మంచు కురుస్తుందని ముందే తెలుసు గనుక, తడి బంతితో సాధన చేయించారా, అందుకు తగిన దళాన్ని ఎంపిక చేశారా, రాత్రి మంచుకు తగినట్టు ఆట వేళలను నిర్ణయించవచ్చునా అన్న ప్రశ్నలు న్యాయమైనవే. అవి నిర్వాహకులకూ ఎంపికదారులకూ చేరాలి. జారే బంతితో 8.2 ఓవర్లు వేసిన యువకుడు ప్రసిద్ధ్ కృష్ణను దేశద్రోహిలా చూడటం మాత్రం అధర్మం. అదే యువకుడు ఓవల్‌లో ఎనిమిది వికెట్లు తీశాడు, విశాఖలో నాలుగు తీశాడు. అతనిని ఆ మూడు రోజులలో ఏ ఒక్క రోజుకో కుదించి చెప్పిన వాక్యం ఏదైనా అసత్యమే.

పూజ ముగించేటప్పుడు మంత్రంలో, క్రియలో, భక్తిలో జరిగిన లోపాలను క్షమించమని వేడుకోవడం మన ఆచారం. శ్రద్ధగా చేసిన పూజకు కూడా ఆ వేడుకోలు ఉన్నదంటే, మనిషి చేసే ఏ కర్మా పూర్ణాంగం కాదని పెద్దలు ముందే ఒప్పుకున్నారని అర్థం. అయితే చివర్లో క్షమాపణ ఉన్నది కదా అని ముందుగానే మంత్రాన్ని వదిలేసేవాడిని ఎవరూ భక్తుడని అనరు. లోపం లేకుండా చేయాలన్న పట్టుదల, లోపం మిగిలితే మన్నించే ఔదార్యం అనే రెండూ ఒకే ఆచారంలో ఉండగలవని, మొదటిది ఆటకు ముందూ రెండవది ఆట తర్వాతా అవసరమని క్రీడాభిమానులు తమ ఇళ్లలోని పూజాపీఠం నుంచే నేర్చుకోవచ్చు.

8. నిర్ణయం

బౌలింగ్ బలం చాలునా అనే ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. ఆ ప్రశ్నను లోటు కోసం వెతికే ప్రశ్నగా వేసినప్పుడు అది విలువైనది, ప్రతి జట్టూ తప్పక వేసుకోవలసినది. న్యాయశాస్త్రం సంశయాన్ని విచారణకు మొదటి మెట్టుగా లెక్కించినది ఇటువంటి సందేహాన్ని ఉద్దేశించే. గెలుపుకు ముందస్తు హామీ కోరే ప్రశ్నగా వేసినప్పుడు దానికి సమాధానం లేదు, ఎందుకంటే 102 ఆటలు గెలిచిన పిచర్ల బలం కూడా, వరుసగా పది మ్యాచ్‌లు గెలిచిన బౌలర్ల బలం కూడా అటువంటి హామీ ఇవ్వలేకపోయింది. ఓడినవారిని తూచే తూనికగా వాడినప్పుడు అది అన్యాయమవుతుంది, ఎందుకంటే ఫలం ఐదు హేతువుల ఉమ్మడి సొత్తు కాగా, నింద ఒక్కరి తలపై పడుతున్నది.

కాబట్టి జట్టును కూర్చేవారు కామ్యకర్మకు పూనుకున్న యజమానిలా ఒక్క అంగాన్నీ వదలకుండా సమకూర్చాలి. బౌలర్ నిత్యకర్మ చేసేవాడిలా ప్రతి బంతికీ తన సంపూర్ణ శక్తిని ఇవ్వాలి. ప్రేక్షకుడు ఆ రెండు పనులనూ వేరువేరుగా గుర్తించి, ఒకదానికి చెందిన నిందను మరొకదానిపై మోపకుండా ఉండాలి. ఈ మూడూ జరిగిన చోట ఓటమి బాధ పెడుతుందే గాని ఎవరినీ అవమానించదు, గెలుపు ఆనందాన్ని ఇస్తుందే గాని ఎవరినీ మత్తెక్కించదు. అటువంటి జట్టూ అటువంటి ప్రేక్షకులూ ఉన్న దేశం పతకాల సంఖ్య ఎంతైనా క్రీడాధర్మంలో పరిపూర్ణమైనదే.